రాగిరేకుల లెక్క: రాజమహేంద్రవరం చరిత్ర మండలి పనితనం

కోరుమిల్లి తామ్రశాసనంలో తేదీ అంకెల్లో లేదు. తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం ఏ ఏట జరిగిందో చెప్పాల్సిన చోట కవి వేదాలు, సముద్రాలు, నిధులు అని చెప్పి ఊరుకున్నాడు. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. వరసగా రాసుకుంటే 449 వస్తుంది. ఇలా మాటలతో చెప్పే భూతసంఖ్యల్ని వెనకనుంచి చదవాలన్నది పాత పద్ధతి కాబట్టి అది 944. శకవర్షం గనక 78 కలిపితే క్రీ.శ. 1022. అంతటితో ఆగితే ఏడాది ఒక్కటే తేలేది. శాసనం ఇంకా ముందుకు వెళ్లింది. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడు, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం, తులాలగ్నం. ఇన్ని ఆనవాళ్లూ ఒక్కచోట కుదిరే రోజు 1022 ఆగస్టు 16. పంచాంగ గణితం వచ్చినవారెవరైనా కాగితం తీసుకుని సరిచూసుకోవచ్చు. వారం, తిథి, నక్షత్రం మూడూ అతికినట్టు సరిపోతాయి. పదకొండో శతాబ్దపు రాజు సింహాసనం ఎక్కిన రోజు వారంతో సహా తెలియడం మన చరిత్రలో తరచుగా జరిగే సంగతి కాదు.

కోరుమిల్లి గోదావరి ఒడ్డు ఊరే. అయితే ఆ రేకుల్ని లోకానికి చదివి వినిపించినవాడు బొంబాయి సివిల్ సర్వీసులో పనిచేసిన ఫ్లీట్. 1885లో ఇండియన్ ఆంటిక్వరీ అనే ఇంగ్లీషు పత్రికలో ఆయన దాన్ని ప్రకటించాడు. ఆ తేదీకి తొమ్మిది వందల ఏళ్లు నిండేది 1922లో. ఆ ఏడే రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది, రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచికను అచ్చు వేసింది. ఈ పనిలో ముందు నిలిచినవాడు భావరాజు వేంకటకృష్ణారావు. వృత్తి వకాల్తా, వ్యసనం శాసనాలు. 1895లో పుట్టాడు కాబట్టి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు.

తెలుగువాళ్లు ఒక్క రాష్ట్రం కావాలని అడిగిన ఉద్యమం గురించి రాసేటప్పుడు మనం సభల్ని, తీర్మానాల్ని, నిరాహారదీక్షల్ని తలుచుకుంటాం. 1913 మే నెలలో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభ దగ్గర మొదలుపెట్టి 1953 అక్టోబరు 1 దగ్గరికో, 1956 నవంబరు 1 దగ్గరికో వచ్చి ఆగుతాం. ఆ కథలో పండితుల సంఘాలకు దక్కేది ఒక పేరా, మహా అయితే ఒక పేజీ. నా లెక్కలో అది అన్యాయం. మేమంతా ఒకటి అని వేదికెక్కి చెప్పడం ఒక పని. ఆ ఒకటికి సాక్ష్యం ఎక్కడుందో వెతికి, తుడిచి, చదివి, తప్పొప్పులతో సహా అచ్చులో పెట్టడం ఇంకో పని. రెండో పని చేసినవాళ్ల పనితనం ఎలాంటిదో దగ్గరగా చూడటానికే ఈ వ్యాసం.

ఇలాంటి సంఘాలు యూరప్‌లో ముందే ఉన్నాయి. జర్మనీ ఇంకా ముక్కచెక్కలుగా ఉన్న రోజుల్లో, 1819లో, ష్టైన్ ప్రభువు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక సంఘం పెట్టి మధ్యయుగాల జర్మన్ ఆధార పత్రాలన్నిటినీ సేకరించి ముద్రించే పని ఎత్తుకున్నాడు. మొదటి సంపుటం 1826లో వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1822లో, లోరెన్జ్ ఓకెన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త జర్మన్ రాజ్యాలన్నిటి శాస్త్రజ్ఞుల్నీ, వైద్యుల్నీ లైప్‌జిగ్‌లో సమావేశపరిచాడు. రాజకీయాలు రాశాడని యేనా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన. సభలో మాట్లాడేది మొక్కల గురించీ ఎముకల గురించీ, కానీ ఏటా ఒక్కో ఊళ్లో కలవాలనే నియమం మాత్రం రాజకీయం. ఇటలీలో 1839లో పీసా నగరంలో నాలుగు వందలకు పైగా శాస్త్రజ్ఞులు కలిశారు. పోప్ పదహారో గ్రెగరీ తన రాజ్యంలోని వాళ్లను వెళ్లొద్దని కట్టడి చేశాడంటే ఆ కూడికలో ఏముందో ఆయనకు బాగానే అర్థమైందన్నమాట. ఆ సభలు ఏటేటా ఊరు మారుతూ 1847లో వెనిస్ దాకా నడిచాయి. మరుసటి ఏడు ఇటలీ అంతటా తిరుగుబాట్లే. ఓకెన్ సభకు సరిగ్గా నూరేళ్లకు రాజమహేంద్రవరం మండలి, జర్మన్ల మొదటి సంపుటానికి నూరేళ్లకు 1926లో మండలి పరిశోధన పత్రిక. ఇది యాదృచ్ఛికమే, అందులో వెతకాల్సిన రహస్యం ఏమీ లేదు. అయినా చెప్పుకోవడానికి బాగుంది.

మన దగ్గర ఈ ముచ్చట 1922లో మొదలు కాలేదు. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఏలూరు మనుషులు దీనికి పునాది వేశారు. కర్నల్ మెకంజీ దక్షిణ దేశమంతా తిరిగి కైఫీయతులు, శాసనాలు, నాణేలు పోగు చేశాడని చదువుకున్నాం. తిరిగింది ఎక్కువగా కావలి సోదరులు. పెద్దవాడు వెంకట బొర్రయ్య ఎవరికీ కొరుకుడుపడని పాత కన్నడ లిపిని చదవడంలో ఆరితేరి, చిన్న వయసులోనే 1803లో పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. 1821లో మెకంజీ చనిపోయాక సేకరణ ఆగిపోయింది. లక్ష్మయ్య ఊరుకోలేదు. 1830లలో మద్రాసులో హిందూ సాహిత్య సంఘం పెట్టి, ఆ పరిశోధన తాను కొనసాగిస్తానని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి వెళ్లింది. అశోకుడి లిపిని ఛేదించిన జేమ్స్ ప్రిన్సెప్ అప్పుడు అక్కడ కార్యదర్శి. ఇతను సహాయకుడిగా పనికొస్తాడేమో గాని ఇంత పనిని తలకెత్తుకునే యోగ్యత లేదన్న తాత్పర్యంతో 1836లో ఆ అర్జీని తోసిపుచ్చారు. ప్రిన్సెప్ మేధావి, అందులో అనుమానం లేదు. ఈ విషయంలో మాత్రం ఆయన తీర్పు తప్పు. ఆ తప్పు నిరూపించడానికి గోదావరి జిల్లాల వాళ్లకు సుమారు తొంభై ఏళ్లు పట్టింది.

మధ్యలో జరిగినదాన్ని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది చాలామందికి తెలిసిన కథ. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, కాలవలు పారాయి, డెల్టాలో నాలుగు డబ్బులు ఆడాయి, చదువులు వచ్చాయి. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టాడు. సంఘసంస్కరణ ఒక చేత్తో, శరీరశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం, జంతువుల కథలు మరో చేత్తో తెలుగులో రాశాడు. నాళం కృష్ణారావు రాజమహేంద్రవరంలో గ్రంథాలయం పెట్టాడు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించాడు. రెండేళ్లకు అది మద్రాసు చేరింది. ఆ మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చీలిపోబోతున్న దేశాన్ని ఒక్కటిగా నిలిపిన మనిషి జీవితంతో మొదలుపెట్టడం ఊరికే జరిగి ఉంటుందా? అదే గ్రంథమాలలో ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం వచ్చింది, 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర మొదటి భాగమూ వచ్చింది. వీరభద్రరావు రేలంగి మనిషి. తెలుగువాళ్లందరినీ ఒకే పేరు కింద, ఒకే వరసలో పెట్టి తెలుగులోనే రాసిన తొలి పెద్ద చరిత్ర ఆయనది. మూడేళ్లకు బాపట్ల సభ. చదివినవాళ్లే సభకు వెళ్లారని నేను నిరూపించలేను గాని, సభకు వెళ్లినవాళ్లలో ఆ పుస్తకం పేరు విననివాళ్లు తక్కువే అయి ఉంటారు.

వీరభద్రరావు పుస్తకంలో ఊపు ఉంది, ఆవేశం ఉంది. అది చాలదని తెలిసినవాళ్లు రాజమహేంద్రవరం మండలివాళ్లు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

తూర్పు చాళుక్యుల రాగిరేకుల్ని మ్యూజియంలో అద్దం వెనక చూసే ఉంటారు. పొడుగాటి రేకులు కొన్ని, ఎడమ పక్క గుండ్రటి బెజ్జం, అందులోంచి దూర్చిన మందపాటి కడియం. కడియం రెండు కొసల్నీ కలుపుతూ అతికిన గుండ్రటి ముద్ర. ముద్ర మీద ఉబ్బెత్తుగా వరాహం, చంద్రవంక, అంకుశం, కింద పద్మం, నడుమ శ్రీత్రిభువనాంకుశ అన్న అక్షరాలు. రేకుల అంచుల్ని కొంచెం పైకి లేపేవారు. ఒకదానిమీద ఒకటి పేర్చినా అక్షరాలు రాసుకుని అరగకూడదని ఆ జాగ్రత్త. మొదటి రేకు ముందువైపు, చివరి రేకు వెనకవైపు సాధారణంగా ఖాళీగా వదిలేసేవారు, అదీ అందుకే. ఎవరో దున్నుకుంటూ పోతుంటే నాగలికి తగిలిందో, పాత గోడ పునాదిలో దొరికిందో, ఆ రేకు తొమ్మిది వందల ఏళ్ల తరువాత కూడా చదవగలిగే స్థితిలో ఉందంటే కారణం ఈ చిన్న చిన్న ఉపాయాలే. చెక్కినవాడి పేరు కూడా మనకు తెలుసు. కోరుమిల్లి శాసనాన్ని రచించినది చేతనభట్టు, చెక్కినది గండాచార్యుడు. రాజరాజు ముప్పై రెండో ఏట, 1053 నవంబరు 28న, చంద్రగ్రహణం నాడు ఇచ్చిన నందంపూడి దానశాసనాన్ని రచించినది మహాభారతం రాసిన నన్నయభట్టే. చెక్కినవాడి పేరు అక్కడా గండాచార్యుడే. కవులు మారారు, ఉలి పట్టిన పేరు మారలేదు. సాహిత్య చరిత్రల్లో ఆ పేరుకు ఒక వాక్యమైనా దక్కి ఉండాల్సింది.

ఆ నందంపూడి ఉన్న సీమకు శాసనంలో పేరు రెండేరుల నడిమి విషయం. ఇప్పుడు కోనసీమ అంటున్నాం.

ఇక రేకులు చదివేవాళ్ల సంగతి. శాసన పాఠం అచ్చువేసేటప్పుడు పాటించే పద్ధతి బయటివాళ్లకు చాదస్తంగా కనిపిస్తుంది. రేకులెన్ని, ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎక్కడ దొరికాయి, ఎవరి దగ్గర ఉన్నాయి అన్నవి ముందు చెప్పాలి. పాఠాన్ని వాక్యం వాక్యంగా కాదు, రేకు మీద ఎక్కడ పంక్తి తెగితే అక్కడే తెంపుతూ, పంక్తికి అంకె వేస్తూ ఇవ్వాలి. అక్షరం చెరిగిపోయి ఊహించి చదివితే దాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. చెక్కినవాడు పొరపాటున ఒత్తు వదిలేస్తే దిద్దకుండా ఉన్నదున్నట్టు ఇచ్చి, సరైన రూపం అడుగున చూపాలి. మనం చదివింది ఏది, మనం ఊహించింది ఏది అన్న తేడా చదివేవాడికి కనిపించి తీరాలి. సొంత జాతి గొప్పతనం చాటాలని కూర్చున్నవాడికి ఈ బ్రాకెట్లు నచ్చవు. మండలి వాళ్లు గొప్పతనం చాటాలనే కూర్చున్నారు, అయినా బ్రాకెట్లు పెట్టారు. నేను మెచ్చుకునేది ఆ రెండు గుణాలూ ఒకే గదిలో ఉండటాన్ని.

తూర్పు చాళుక్యుల శాసనాలకు ఇంకో ప్రత్యేకత ఉంది. దక్షిణ దేశంలో చాలా రాజవంశాల శాసనాలు రాజుల వరస చెబుతాయి గాని ఎవరు ఎన్నేళ్లు ఏలారో చెప్పవు. వీళ్లవి చెబుతాయి. కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏళ్లు, జయసింహుడు 33, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు, రెండో విష్ణువర్ధనుడు 9 ఏళ్లు, మంగియువరాజు 25, కొక్కిలి ఆరు నెలలు. ఏడు రోజుల రాజును కూడా వదలకుండా వరసలో పెట్టిన ఆ లేఖకుల పట్టుదల చూడండి! దీని వల్ల ఒక వెసులుబాటు దొరికింది. ఎక్కడో ఒకచోట ఒక్క పట్టాభిషేకం తేదీ గట్టిగా తెలిస్తే, అక్కణ్ణించి వెనక్కి లెక్క వేసుకుంటూ ఏడో శతాబ్దం దాకా పోవచ్చు.

పోవచ్చు గాని చిక్కులున్నాయి. జయసింహుడికి కొన్ని శాసనాలు 33 ఏళ్లిస్తే కొన్ని 30 ఇస్తాయి. నరేంద్రమృగరాజు అనిపించుకున్న రెండో విజయాదిత్యుడికి ఒకచోట 48, ఒకచోట 44, ఇంకోచోట 40. ఎవరిని నమ్మాలి? పైగా ప్రతి రాజుకూ నెలలు వదిలేసి పూర్తి ఏళ్లే చెబితే వరస పొడుగయ్యేకొద్దీ తేడా పెరుగుతూ పోతుంది.

దీన్ని అంకెల్లోనే చూద్దాం. రెండో అమ్మరాజు పట్టాభిషేకం తేదీ శాసనంలో ఉంది: 945 డిసెంబరు 5, శుక్రవారం. విమలాదిత్యుడిదీ రణస్థిపూండి శాసనంలో ఉంది: 1011 మే 10, గురువారం. ఈ రెంటి నడుమ శాసనాలు చెప్పే లెక్క ఇది: అమ్మరాజు 25 ఏళ్లు, దానార్ణవుడు 3, తరువాత వేంగికి దిక్కులేని 27 ఏళ్లు, ఆపైన శక్తివర్మ 12. కూడితే 67. తేదీల ప్రకారం గడిచింది అరవై అయిదు ఏళ్ల అయిదు నెలలు. ఏడాదిన్నర ఎక్కువ వచ్చింది. రెండు కొసలూ మేకు కొట్టినట్టు గట్టిగా ఉన్నాయి కాబట్టి తప్పు నడుమనే ఉందని తెలుస్తోంది. అంటే కనీసం రెండుచోట్ల నడుస్తున్న ఏడాదిని నిండిన ఏడాదిగా లెక్కపెట్టారన్నమాట. ఇంకో ముడి. విమలాదిత్యుడు 7 ఏళ్లు ఏలాడని తరువాతి శాసనాలంటాయి. ఆయన స్వయంగా ఇచ్చిన రణస్థిపూండి శాసనం మాత్రం ఎనిమిదో ఏటిది. అబద్ధమాడింది ఎవరూ కాదు, ఏడు నిండి ఎనిమిదోది నడుస్తోంది. ఆ లెక్కన ఆయన ఏలుబడి 1018 ప్రాంతంలో ముగియాలి. కొడుకు రాజరాజుకు పట్టం 1022లో. నడుమ మూడు నాలుగేళ్ల ఖాళీ. ఆ ఖాళీలోనే సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం తగాదా, చోళుల జోక్యం ఉన్నాయి. ఏ కథా చదవకుండా, కేవలం కూడికలు తీసివేతలతో ఒక అంతర్యుద్ధం ఆచూకీ పట్టుకోవచ్చు.

ఇలాంటి సవరింపులు చేస్తూ పోతే మొదటి కుబ్జవిష్ణువర్ధనుడి దగ్గరికి వెళ్లేసరికి ఎక్కడ తేలతాం? ఫ్లీట్ లెక్కలో 615. భావరాజు వేంకటకృష్ణారావు మండలి పత్రికలోనే ఈ కాలక్రమాన్ని మొదటినుంచీ తిరగతోడి సవరించాడు. ఇప్పుడు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే ఆరంభం 624. తొమ్మిదేళ్ల తేడా మనకు చిన్నదే. కానీ నమ్మకంగా నిలబడ్డ ఇంగ్లీషు పండితుడి లెక్కను, రాజమహేంద్రవరం కోర్టులో వాదించుకునే ప్లీడరు, ఊరిపేర్లతో, తిథులతో, రేకు రేకుకూ సమాధానం చెబుతూ కదిలించాడు. కావలి లక్ష్మయ్య అర్జీకి జవాబు ఇక్కడ దొరికిందని నేననుకుంటాను.

ప్లీడరు అన్నాను గదా, ఆ మాట మీద కొంచెం ఆగాలి. ఈ పని చేసినవాళ్లలో జీతం తీసుకుని చరిత్ర రాసినవాళ్లు తక్కువ. మండలి బరువు మోసిన మరో మనిషి రాళ్లబండి సుబ్బారావు పాఠాలు చెప్పుకుంటూ ఈ పని చేశాడు. రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ మ్యూజియానికి ఈనాడు ఉన్నది ఆయన పేరే. పశ్చిమ గోదావరి మినిమించిలిపాడులో పుట్టిన మల్లంపల్లి సోమశేఖరశర్మకు పెద్ద డిగ్రీలేవీ లేవు. కొమర్రాజు దగ్గర విజ్ఞానసర్వస్వం పని చేస్తూ లిపులు నేర్చి, చివరికి రెడ్డిరాజ్యాల చరిత్ర రాసి విశ్వవిద్యాలయం చేత అచ్చు వేయించాడు. ముక్తేశ్వరం మనిషి జయంతి రామయ్యపంతులు ప్రభుత్వోద్యోగి. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించి, సూర్యరాయాంధ్ర నిఘంటువు పని నడిపిస్తూ, బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని పరిష్కరించాడు. కోర్టు, బడి, కచేరీ ముగిశాక లాంతరు వెలుగులో చేసిన చదువు ఇది. అందుకేనేమో వీళ్ల రాతలో వాదన ఎక్కువ, వర్ణన తక్కువ.

మండలి ప్రత్యేక సంచికల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1922లో రాజరాజనరేంద్ర సంచిక: వేంగి, అంటే గోదావరి కృష్ణా నడుమ దేశం. 1930లో రాళ్లబండి సుబ్బారావు సంపాదకత్వంలో కళింగదేశ చరిత్ర: ఉత్తరాన గంజాం, విశాఖపట్నం సీమ. 1935లో మారేమండ రామారావు సంపాదకత్వంలో కాకతీయ సంచిక: ఓరుగల్లు, అప్పటి నిజాం రాజ్యం. 1947లో వడ్డాది అప్పారావు సంపాదకత్వంలో రెడ్డి సంచిక: కొండవీడు, రాజమహేంద్రవరం. ఎవరూ పటం గీయలేదు, ఎవరూ హద్దులు చెప్పలేదు. ఒక్కో సంచిక ఒక్కో సీమను తెచ్చి పక్కన పెట్టింది. నాలుగూ కలిపితే 1956 నాటి రాష్ట్రంలో పెద్ద భాగం బల్ల మీద ఉంటుంది.

కళింగ సంచిక వచ్చిన సమయం గమనించదగ్గది. ఒరియా ప్రాంతాలన్నిటినీ ఒక రాష్ట్రం చేయాలన్న కోరిక అప్పటికి బలంగా ఉంది, మరుసటి ఏడు హద్దులు తేల్చడానికి ఓడొనెల్ కమిటీ వేశారు. సరిహద్దు ఊరు పర్లాకిమిడి ఎటు పోతుందన్నది నిప్పులాంటి ప్రశ్న. ముఖలింగం గుడి గోడల మీది గాంగుల శాసనాల్ని పట్టుబట్టి చదవడం నేర్చిన గిడుగు రామమూర్తిపంతులు ఆ పర్లాకిమిడి వాడే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఆ ఊరు అటు పోయినప్పుడు ఆయన ఇల్లు వదిలి రాజమహేంద్రవరం వచ్చి ఉన్నాడు. శాసనాలు హద్దులు తేల్చలేవని దీన్ని బట్టి ఒప్పుకోవాలి. గాంగరాజుల శాసనాల్లో సంస్కృతం ఉంది, తెలుగు ఉంది, ఇటువారికీ అటువారికీ వాదించుకోవడానికి కావలసినంత ఉంది. చరిత్ర సాక్ష్యం చెప్పగలదు, ఓట్లు వేయలేదు.

కాకతీయ సంచిక కథ వేరు. నిజాం రాజ్యంలో తెలుగుకు గౌరవం దక్కక, 1921లో హైదరాబాదులో ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1923లో కొమర్రాజు పోయాక ఆయన పేరిట అక్కడ లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలిసింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివాళ్లు ఊరూరా తిరిగి సేకరించిన తెలంగాణా శాసనాలను ఆ మండలి 1935లో సంపుటంగా తెచ్చింది. అదే ఏడు గోదావరి ఒడ్డున కాకతీయ సంచిక. ఇద్దరు పాలకుల కింద, రెండు నగరాల్లో, ఒకే రాజవంశం మీద పని. రాష్ట్రాలు కలవడానికి ఇంకా ఇరవై ఒక్క ఏళ్లుంది.

మెచ్చుకోలు ఎక్కువైతే మండలికే అపచారం, వాళ్లు బ్రాకెట్లు పెట్టిన మనుషులు. లోపాలు కనిపిస్తూనే ఉన్నాయి. సంచికలు తెలుగులో వచ్చినా పత్రిక ఎక్కువగా ఇంగ్లీషులో నడిచింది. విదేశీ పండితులకు మన మాట చేరాలంటే అది తప్పదు, కానీ కోరుమిల్లిలో రైతుకు తన పొలంలో దొరికిన రేకు గురించి ఏం తెలిసింది? రాజులు, దానాలు, వంశవృక్షాలు ఉన్నంతగా కాలవలు, పంటలు, కులవృత్తులు, ఆడవాళ్లు లేరు. శాసనాల్లోనే పొలం సరిహద్దులు చెబుతూ చెరువులు, పుట్టలు, చింతచెట్లు, పక్క ఊళ్ల పేర్లు పేరు పేరునా ఉంటాయి. ఆ సరిహద్దుల భాగమే చాలాచోట్ల తెలుగులో ఉండేది. ఆ కాలపు మామూలు తెలుగు బతికి ఉన్నది అక్కడే. దాని మీద ఇంకా ఎక్కువ పని జరగాల్సింది. ఇక జాతి గర్వం సంగతి. రాజరాజనరేంద్రుణ్ణి తెలుగు ఏకత్వానికి గుర్తుగా నిలిపారు సరే, ఆయన తల్లి కుందవ్వ రాజరాజచోళుడి కూతురు, భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుడి కూతురు, కొడుకు చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. రాజమహేంద్ర బిరుదు కూడా ఆయన కంటే ముందే అమ్మరాజుకు ఉంది, కాబట్టి ఊరి పేరు ఎవరిదన్నదీ తగాదానే. ఈ చిక్కుల్ని బయటపెట్టినది కూడా రేకులు చదివినవాళ్లే. పండుగ కోసం రాజును ఎంచుకున్నారు, ఎంచుకున్నాక ఆయన చుట్టరికాలు దాచిపెట్టలేదు. జర్మనీలో, ఇటలీలో ఇలాంటి సంఘాలన్నీ ఈ పరీక్షలో నెగ్గాయని చెప్పలేం.

ఈ నాలుగు సంచికల్నీ ఇప్పటి అక్షరాలతో, మంచి విషయసూచికతో, తరువాత బయటపడిన శాసనాల వివరాలు అడుగున చేరుస్తూ మళ్లీ అచ్చు వేయాలి. విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, అకాడమీలు ఉన్నాయి, గోదావరి జిల్లాల్లో డబ్బూ ఉంది. ప్రభుత్వమే చేయాలని కూర్చోనక్కర్లేదు, మొదటిసారీ ప్రభుత్వం చేయలేదు.

చదివేవారికి ఒక మాట. డెల్టాలో పునాదులు తవ్వుతున్నప్పుడు, చేపల చెరువులు తవ్వుతున్నప్పుడు ఇప్పటికీ పాత వస్తువులు బయటపడే అవకాశం ఉంది. మీ ఊళ్లో అలాంటి రాగిరేకులు కనిపిస్తే చింతపండు పెట్టి తోమకండి, తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి. కడియం కోయకండి, రేకుల వరస చెదిరితే చదివేవాడికి సగం బలం పోతుంది. ఎక్కడ, ఎంత లోతున దొరికిందో రాసిపెట్టండి, రెండు వైపులా ఫొటోలు తీయండి, రెవెన్యూ అధికారికి గాని పురావస్తు శాఖకు గాని కబురు పెట్టండి. పాత సామాన్ల వర్తకుడికి మాత్రం అమ్మకండి.